ఉత్తగ చేసే పనంతా సేవ గాదు

'వాలంటీర్' అంటే ఎవ్వలని మన రెండు రాష్ట్రాలల్ల అడిగి చూడుండ్రి. ఒక్కొక్కలు ఒక్కో తీరుగ చెప్తరు. ఆంధ్రల అడిగితే ఒకటో తారీఖు పొద్దుగాల ఇంటికొచ్చి పింఛన్ చేతుల పెట్టిపోయిన పిలగాడు అంటరు. తెలంగాణల అడిగితే సర్కారు బడిల సార్లు తక్కువున్నప్పుడు పాఠాలు చెప్పిన విద్యా వాలంటీర్ అంటరు. పార్టీ మీటింగు కాడ కుర్చీలేసేటోడు గూడ వాలంటీరే. జాతరల మెడల కార్డు ఏసుకొని లైన్ నిలబెట్టేటోడు గూడ వాలంటీరే. పైసలకు చేసినోళ్లు, పార్టీకి చేసినోళ్లు, పుణ్యానికి చేసినోళ్లు అందరు ఒక్కటే మాట కింద కలిసిపోయిన్రు.

దీంతోని ఏమైతుందంటే, సదువైపోయి ఏదో ఒక పనిల కుదురుకున్నోళ్లు "నాకు వారంల రెండు మూడు గంటలు దొరుకుతయి, ఊరికి అక్కరొచ్చే పనేదన్న చేస్త" అని ముందుకొస్తే తొవ్వ చూపెట్టేటోళ్లు లేరు. ఒకలు "మా పార్టీల చేరు" అంటరు. ఇంకొకలు "పండ్లు పంచుదాం, బ్యానర్ కొట్టిద్దాం" అంటరు. రెండుసార్లు పోయినంక ఆ మనిషికి మనసు ఇరుగుతది. మండల సెంటర్ల నాకొక జిరాక్స్, డీటీపీ దుకాణం ఉన్నది. ఇసొంటి పిల్లలు నా దుకాణం ముంగటనే బ్యానర్లు కొట్టిచ్చుకొని పోతరు. మూడో ఏడాది మళ్ల కనవడరు. వాళ్లకు మనసు లేక గాదు. అక్కర ఏడున్నదో వాళ్లకు ఎవ్వలు చెప్పలే.

జీతం ఎగ్గొట్టే మాట

ముందుగాల సర్కార్ల సంగతి చూద్దాం. 2019 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌ల గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ మొదలైంది. ఊర్లల్ల 50 ఇండ్లకు ఒకలు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. రాష్ట్రమంత కలిపి రెండున్నర లక్షలకు పైన మంది. కరోనాల ఇల్లిల్లు తిరిగి సర్వే చేసింది వాళ్లే. పింఛన్ పంచింది వాళ్లే. 2021 మొదట్ల వాళ్లు జీతం పెంచుమని రోడ్డెక్కితే, ఇది ఉద్యోగం గాదు, సేవ అని జవాబొచ్చింది. 2024 మార్చిల ఎన్నికల సంఘం వాళ్లను పింఛన్ల పంపకం నుంచి పక్కకు పెట్టింది. అదే ఎన్నికలల్ల వేతనం 10,000 చేస్తమని అవతలి పక్క నుంచి హామీ వచ్చింది. గెలిచినంక మాత్రం, 2023 ఆగస్టు తర్వాత వాళ్ల కొనసాగింపుకు జీవోనే లేదు, లేని వ్యవస్థను ఎట్ల నడుపుతమని తేల్చిన్రు.

ఏ పార్టీది ఎంత తప్పు అన్న లొల్లి మనం ఇక్కడ పెట్టుకోవద్దు. ఆ పిలగాండ్ల దిక్కు నుంచి చూద్దాం. ఉద్యోగి అయితే తీసేసేటప్పుడు నోటీసు అడిగేటోడు, బకాయి అడిగేటోడు. నిజంగ సేవకు వచ్చినోడైతే తన ఇష్టంతోని వచ్చి తన ఇష్టంతోని పోయేటోడు. వీళ్లకు ఆ హక్కూ లేకపాయె, ఈ ఇష్టమూ లేకపాయె.

ఆశా వర్కర్ల కథ గూడ గిదే. 2005ల జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చినప్పుడు వెయ్యి మంది జనాభాకు ఒక ఆశా అన్నరు, కాయితాలల్ల 'గౌరవ వాలంటీర్' అని రాసిన్రు. కాన్పులకు తోడు పోవాలె, టీకాలకు పిల్లలను జమచేయాలె, టీబీ మందులు మింగిచ్చాలె. 2022 మేల ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. అవార్డు వచ్చినంక గూడ ఫిక్స్‌డ్ జీతం కోసం ధర్నాలు చేస్తనే ఉన్నరు. అంగన్‌వాడీ టీచర్లది ఇంకా పాత ముచ్చట. 1975ల ఐసీడీఎస్ మొదలైన కాడ్నుంచి వాళ్లను 'గౌరవ' కార్యకర్తలనే అన్నరు. వాళ్లకు గ్రాట్యుటీ హక్కున్నదని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2022 ఏప్రిల్ వచ్చింది.

అంటే మన దగ్గర 'సేవ' అనే మాట చానాసార్లు జీతం తక్కువిచ్చే ఉపాయం కింద పనిచేసింది. సేవ చేద్దామనుకునేటోళ్లు ఇది ముందుగాల ఎరుక చేసుకోవాలె.

ఊరికి యాదున్న మాట

తెలంగాణ ఊర్లల్ల 'ఉత్తగ పని చేసుడు' అంటే ముసలోళ్ల మొఖం ఇంకో తీరుగ మారుతది. ఎందుకంటే వాళ్లకు వెట్టి యాదున్నది. దొర ఇంటికి చాకలాయన ఉత్తగ బట్టలుతకాలె, కుమ్మరాయన ఉత్తగ కుండలియ్యాలె, మాదిగాయన ఉత్తగ చెప్పులు కుట్టాలె, కబురు మోయాలె. పైసల్లేవు, కాదనే నోరు లేదు. 1946 నుంచి 1951 దాక నడిచిన రైతాంగ సాయుధ పోరాటం భూమి కోసమెంతనో ఈ వెట్టి మీద గూడ అంతనే. దేశమంతటికి వెట్టిచాకిరి రద్దు చట్టం 1976ల వచ్చింది.

గందుకే నేను సేవను కొలిచేటందుకు ఈ వెట్టినే పక్కన పెట్టుకొని చూస్త. రెండిట్లనూ పైసలు రావు. మరి తేడా ఏంది? సేవల "ఇయ్యాల నాకు కాదు" అనే హక్కుంటది. "ఈ పని ఎందుకు చేస్తున్నం, పైసలు ఏడికి పోతున్నయి" అని అడిగే హక్కుంటది. నేను ఉత్తగ చేస్తే ఇంకొకల కైకిలి పోవద్దు. ఈ మూడిట్ల ఏ ఒక్కటి లేకున్నా అది పేరు మార్చుకున్న వెట్టే.

ఒక చిన్న ఉదాహరణ చూడుండ్రి. స్వచ్ఛత దినం వచ్చిందంటే నాయకులు, పిల్లలు చీపుర్లు పట్టుకొని బజారుల గంట సేపు ఊడుస్తరు. తెల్లారి నుంచి అదే బజారును పంచాయతీ సఫాయి కార్మికులు ఊడువాలె, మోరీలు తీయాలె. వాళ్లకు గ్లౌజులున్నయా, బూట్లున్నయా, జీతం టైంకు పడుతున్నదా అని గ్రామసభల ఒకలు లేచి అడిగితే, ఆ గంట ఊడ్పు కన్న ఎక్కువ కాలం నిలబడే పని అయితది.

పుట్టినరోజు రక్తం

ఇగ రెండో గోస, ఫొటో సేవ. దీన్ని తిట్టుడు అలకగనే ఉంటది. నేను లెక్కతోని చూపెడ్త.

హీరో పుట్టినరోజో, లీడర్ పుట్టినరోజో వస్తే రక్తదాన శిబిరం పెడుతరు. మంచిదే. ఒక్క దినం 40 మంది ఇస్తరు. ఎర్ర రక్తకణాలు ఐదారు వారాల కన్న ఎక్కువ నిలువ ఉండయి. ప్లేట్‌లెట్లు అయితే ఐదు రోజులే. తలసేమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కిచ్చాలె, బతుకంత ఎక్కిచ్చాలె. ఆ పిల్లలకు ఏ హీరో పుట్టినరోజు ఏ నెలల వస్తదో పని లేదు. ఎండకాలం కాలేజీలు బంద్ అయితే శిబిరాలు బంద్ అయితయి, బ్లడ్ బ్యాంకుల కొరత మొదలైతది.

మగోళ్లు 90 రోజులకు ఒకసారి, ఆడోళ్లు 120 రోజులకు ఒకసారి రక్తం ఇయ్యొచ్చు. మీ యువజన సంఘంల ఇయ్యగలిగేటోళ్లు 40 మంది ఉన్నరనుకోండ్రి. అందరు ఒక్కటే దినం పోకుంట, వారానికి ముగ్గురు చొప్పున వంతు పెట్టుకుంటే సుమారు 13 వారాలకు ఒక సుట్టు తిరుగుతది. 13 వారాలంటే 91 రోజులు. అంటే మొదటోళ్ల వంతు మళ్ల వచ్చేసరికి వాళ్లకు గడువు గూడ అయిపోతది. ఆడిబిడ్డలుంటే వాళ్ల వంతును నెల రోజులు ఎనుకకు జరుపుకుంటే సరి. ఏడాది పొడుగుత జిల్లా దవాఖానకు మీ ఊరి నుంచి వారం వారం రక్తం పోతది. శిబిరం ఖర్చు లేదు, బ్యానర్ లేదు. ఫొటోల ముగ్గురే ఉంటరు, అది గూడ ఎవ్వలన్న తీస్తేనే.

ఇచ్చేది అదే రక్తం, ఇచ్చేటోళ్లు అదే 40 మంది. వంతు పెట్టుకొని పోతే ఫలితం పూర తిరిగిపోతది. నా లెక్కల అర్థమున్న సేవకు మొదటి గుర్తు ఈ వంతే.

కాలేజీ దాటినంక ఖాళీ

కాలేజీల ఉన్నప్పుడు ఎన్ఎస్ఎస్ ఉంటది. 1969ల, గాంధీ శతజయంతి ఏడాదిల మొదలైంది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేండ్లు, నడుమ ఏడు రోజుల క్యాంపు. దాంట్ల ఎన్ని లోట్లున్నా ఒక మంచి ఉన్నది. ఏడికి పోవాలె, ఎన్నింటికి పోవాలె, ఎవ్వలతోని పోవాలె అన్నది సార్లే చెప్తరు. డిగ్రీ అయిపోయిన దినమే ఇదంతా బంద్. ఆ తర్వాత 30, 40 ఏండ్లు మనిషికి చేతుల పనితనం పెరుగుతది, నాలుగు ఆఫీసుల తొవ్వ ఎరుకైతది, గని పిలిచేటోళ్లు ఉండరు. ఊరికి అక్కరున్న వయసుల మనిషిని వాడుకునే ఏర్పాటే లేదు.

గందుకే పెద్దయినంక ఎవ్వలకు వాళ్లే ఎతుక్కోవాలె. నా దుకాణానికొచ్చే పిల్లలకు నేను చెప్పేది మూడు ముచ్చట్లు. మొదటిది, నీ చేతుల ఏమున్నది? కరెంటు పనా, డ్రైవింగా, లెక్కలా, ఇంగ్లిష్ల వచ్చిన కాయితం చదివి చెప్పుడా? రెండోది, నాట్ల కాలంల, కోతల కాలంల గూడ నీకు దొరికే టైం ఎంత? గంటే దొరికితే గంటే చెప్పు, ఏడాది దాక తప్పొద్దు. మూడోది, నువ్వు ఒక్క దినం రాకపోతే ఎవ్వలకన్న తక్లీఫ్ అయితదా? ఎవ్వలకు కాకపోతే ఆ పనిల నీ అక్కర లేనట్టే.

తక్కువ సదువే అర్హత అయిన పని

ఈ మూడో ముచ్చట నాకు తెలిసింది పరీక్ష హాల్ల. నేను ఇంటర్ దాకనే సదివిన. ఐదేండ్ల సంది కండ్లు కనవడని డిగ్రీ పిల్లలకు స్క్రైబ్‌గ పోతున్న. వాళ్లు చెప్తరు, నేను రాస్త. 2018ల కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలల్ల, అభ్యర్థి సొంతంగ తెచ్చుకునే స్క్రైబ్ సదువు అభ్యర్థి సదువు కన్న ఒక మెట్టు తక్కువుండాలె అని ఉండె. కాపీ కొట్టకుంట ఉండేటందుకు పెట్టిన రూల్ అది. పెద్ద సదువుల స్నేహితులు రెడీగ ఉన్నా వాళ్లకు కుదరదు, నాకు కుదిరింది. ఇంటర్‌తోని ఆగిపోయిన సదువు ఒకలకు అక్కరొస్తదని నేను ఎన్నడు అనుకోలే.

పని చూస్తే చిన్నగనే కనవడ్తది. గని దాంట్ల పద్ధతి ఉన్నది. చెప్పింది చెప్పినట్టే రాయాలె, నీ తెలివి కలుపొద్దు. తప్పు చెప్తున్నడని తెలిసినా కలం ఆపొద్దు. ప్రశ్నను రెండుసార్లు నిమ్మళంగ చదివి వినిపియ్యాలె. గంటకు 20 నిమిషాలకు తక్కువ కాకుంట అదనపు టైం వాళ్ల హక్కు, హాల్ల ఎవ్వలన్న కాయితం గుంజుకోబోతే ఆ రూల్ చూపెట్టాలె. పరీక్షకు పరీక్షకు రూల్ కొంచెం మారుతది గనుక హాల్‌టికెట్ మీదున్న సూచనలు, బోర్డు ఫారం వారం ముందుగాలనే చూసుకోవాలె. పరీక్ష దినం దుకాణం మూసుడు నాకు కొంత నష్టమే. గని నేను పోకపోతే ఆ పిలగానికి ఒక ఏడాది పోతది.

ప్రతి జిల్లా కేంద్రంల ఇసొంటి పిల్లలు చదివే హాస్టల్లు, కాలేజీలు ఉన్నయి. మార్చి, ఏప్రిల్ వచ్చిందంటే స్క్రైబ్ దొరకక తండ్లాడుతరు. ఇంటర్ సదువుకునే తమ్ముళ్లు, చెల్లెండ్లు ఒకసారి పోయి పేరిచ్చి రాండ్రి.

చట్టం ఏసిన కుర్చీలు

ఇంకో దిక్కు చూస్తే, చట్టమే మన కోసం కుర్చీలు ఏసి పెట్టింది. కూసునేటోళ్లే లేరు.

ఉపాధి హామీ పనుల సోషల్ ఆడిట్ ముచ్చట కొందరికన్న యాదుండాలె. ఉమ్మడి రాష్ట్రంల 2006 నుంచి నడిచింది. కూలీల ఇండ్లల్లనే సదువుకున్న పిల్లలను తీసుకొని కొన్ని దినాలు శిక్షణ ఇచ్చిన్రు. వాళ్లు మస్టర్ రోల్స్ పట్టుకొని ఇల్లిల్లు తిరిగి, "ఈ వారం నువ్వు పనికి పోయినవా, నీకెన్ని పైసలొచ్చినయి" అని అడిగిన్రు. సచ్చిపోయినోళ్ల పేరు మీద హాజరు, పట్నం పోయినోళ్ల పేరు మీద కైకిలి, అన్నీ బయటపడ్డయి. మండలంల అందరి ముంగట ప్రజావేదిక పెట్టి చదివి వినిపిచ్చిన్రు. తిన్నోళ్లతోని పైసలు కక్కిచ్చిన సందర్భాలున్నయి. ఆ పిల్లలకు కావాల్సింది రెండే: చదువుడు, లెక్క కూడుడు. సూపర్‌వైజర్ మొఖం చూసి జంకకపోవుడు పని మొదలైనంక అలవాటైంది.

ఇప్పటికీ ఇసొంటి జాగలు మస్తున్నయి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడికి యాజమాన్య కమిటీ ఉండాలె, దాంట్ల నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడోళ్లు ఉండాలె. మధ్యాహ్న భోజనం బియ్యం ఎన్నొచ్చినయి, బాత్‌రూంకు నీళ్లున్నయా అని అడిగే కుర్చీ అది. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకు ఒకసారన్న గ్రామసభ పెట్టాలని చెప్తది. 2005 సమాచార హక్కు చట్టం కింద 30 రోజులల్ల జవాబియ్యాలె. మన రూల్స్ ప్రకారం ఊరి స్థాయి ఆఫీసుల దరఖాస్తుకు ఫీజు లేదు, మండలంల 5 రూపాయలు, ఆ పైన 10. ఒక్క తెల్లకాయితం సరిపోతది. ఊర్ల నలుగురు ఒక జట్టయి, బడి లెక్క ఒకలు, పంచాయతీ లెక్క ఒకలు, రేషన్ లెక్క ఒకలు పంచుకుంటే నెలకు రెండు గంటల పని.

గల్ఫ్‌ల ఉన్నోళ్లు, హైదరాబాద్ల గది కిరాయికి ఉన్నోళ్లు "మేం ఊర్ల లేం గదా" అంటరు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్ల మొదలైంది. దాంట్ల మీ ఊరి పేజీ తెరిచి చూడుండ్రి. చెరువు పేరు, జాతర నెల, బస్సు తొవ్వ ఉన్నయో లేవో. ఫోన్‌తోనే రాయొచ్చు. మీరు రాసింది సరిగ్గ ఉన్నదా లేదా చూసేటోళ్లు గూడ అక్కడ ఉంటరు.

నెల్లూరుల సాయంత్రం బడి

"ఇంత చిన్న చిన్న పనులతోని ఏమైతది" అని అడిగేటోళ్లకు నెల్లూరు జిల్లా ముచ్చట చెప్పాలె. 1991ల అక్కడ సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. 'అక్షరదీపం' అన్నరు. ఊరూరి నుంచి వేల మంది వాలంటీర్లు, జీతం లేకుంట, పొద్దుమూకినంక కూలి నుంచొచ్చిన ఆడోళ్లను కూసోబెట్టి అక్షరాలు నేర్పిన్రు. పుస్తకంల పాఠాలు వాళ్ల బతుకు మీదనే ఉండె. తాగొచ్చే మొగని కథ చదివి, ఆడోళ్లు అది తమ కథే అనుకున్నరు. దూబగుంట ఊరి ఆడోళ్లు సారా దుకాణం మీదికి పోయిన్రు. అది జిల్లా దాటి రాష్ట్రమంత అంటుకున్నది. 1993 అక్టోబర్ల సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిల సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. తర్వాత సడలిచ్చిన్రు, అది వేరే కథ.

ఆ వాలంటీర్లు సారా బంద్ చేయాలని మొదలుపెట్టలే. రోజూ ఒక్కటే జాగల, ఒక్కటే టైంకు లాంతరు పెట్టుకొని కూసున్నరు. ఆడోళ్లు జమైన్రు, మాట్లాడుకున్నరు, మిగిలింది వాళ్లే తేల్చుకున్నరు. సేవ చేసేటోళ్లు ముందుండి నడిపియ్యాలని లేదు. నలుగురు కూసునే జాగను చెక్కుచెదరకుంట నిలబెడితే సాలు.

ఆడిబిడ్డల టైం

ఒక ముచ్చట మొగపిలగాండ్లకు ప్రత్యేకంగ చెప్పాలె. 2019ల కేంద్రం చేసిన టైం యూజ్ సర్వేల, జీతం లేని ఇంటి పని చేసే ఆడోళ్లు రోజుకు 299 నిమిషాలు దాని మీద పెడుతున్నరని తేలింది. మగోళ్లు 97 నిమిషాలు. అంటే మన ఇంట్ల అక్కలు, వదినెలు రోజుకు ఐదు గంటలు ఉత్తగ పని చేస్తనే ఉన్నరు. వాళ్లను కమిటీల రమ్మని పిలిచే ముందు, ఆ సాయంత్రం ఇంట్ల రొట్టెలు ఎవ్వలు కొడ్తరో తేల్చుకోవాలె. లేకపోతే బడి కమిటీల ఆడోళ్ల పేర్లుంటయి, కుర్చీలల్ల మొగోళ్లుంటరు.

ఊరోళ్లు గూడ ఊకోరు. "ఏం రా, వార్డ్ మెంబర్‌కు నిలబడుతవా" అంటరు. నిలబడితే తప్పేం లేదు, నిలబడకపోతే నిరూపిచ్చుకునే అక్కరా లేదు. ఆర్నెల్లు తప్పకుంట ఒక్కటే పని చేస్తే ఆ మాటలు వాటంతట అవే తగ్గుతయి.

మొదలుపెట్టేటోళ్లు ఒక్కరే మొదలుపెట్టొద్దు. నువ్వు ఊర్ల లేని దినం నీ పని చేసేటోళ్లు ఇంకొకలు ఉండాలె. ఒక నోట్‌బుక్ పెట్టుండ్రి, ఏ దినం ఏం చేసినమో రెండు లైన్లు రాయుండ్రి. అడిగిన వాళ్లకు చూపెట్టొచ్చు, రేపు ఇంకొకలకు అప్పజెప్పొచ్చు.

ఏడికెల్లి మొదలుపెట్టాలె అని అడుగుతున్నరా? మీ పంచాయతీ కార్యదర్శి కాడికి పోయి కిందటి గ్రామసభ ఏ తారీఖు అయ్యింది, రిజిస్టర్ల ఎవ్వలి సంతకాలున్నయి అని అడుగుండ్రి. రెండు నెలల సంది కాలేదన్నా, ఊర్ల లేనోళ్ల సంతకాలు కనవడ్డా, మీకు మొదటి పని దొరికినట్టే.